ఉక్కు నగరము, ఉక్కు పిడికిలి

జంషెడ్‌పూరులో కాపురమున్న వారికి ఒక మాట తరచు వినవచ్చుచుండును. సాకచి బజారులో కూరగాయల బేరము నడుమను, బిష్టుపూరులో టీకొట్టు ముంగిటను ఆ మాట పుట్టుచునే యుండును. శ్రీకాకుళమునుండియో విశాఖపట్టణమునుండియో చుట్టపుచూపుగా వచ్చినవారు తీరైన వీధులను, చెట్లనీడలను, జూబిలీ తోటలోని దీపములను చూచి ముచ్చటపడుదురు. "ఈ యూరు ఒక్క చేతిమీద నడచుచున్నది గనుకనే యింత చక్కగా నున్నది. దేశమునకు గూడ ఇటువంటి గట్టిచేయి ఒకటి దొరకిన బాగుపడును గదా!" అందురు. ఆతిథ్యమిచ్చినవారు తల యూపుదురు. నేనును చాలకాలము తల యూపినవాడనే. ఆ తలయూపు తప్పని చెప్పుటకే యీ వ్యాసము.

ఆ మాట పలుకువారు దుర్మార్గులు గారు. లంచములకు విసిగినవారు, కోర్టులచుట్టు తిరిగి చెప్పులరిగినవారు, చట్టసభలలోని కేకలు విని చెవులు మూసికొన్నవారు. వారి విసుగు న్యాయమైనదే. కాని యీ మాట కొత్తది గాదు. రెండు ప్రపంచయుద్ధముల నడుమ ఐరోపాలో మర్యాదస్థులైన గృహస్థులు, వర్తకులు, ఉపాధ్యాయులు, న్యాయవాదులు ఇట్టి మాటనే పలికిరి. ఆ మాటకు వారు చెల్లించిన వెల యెంతయో లోకమునకు తెలియును. వెల తెలిసియు సరకును మెచ్చుకొనువారున్నారు గనుక, ఆ సరకు ఎట్టిదో విప్పి చూపవలసియున్నది.

మొదట నొక అపోహను తొలగింపవలెను. నియంతలు ప్రజాప్రభంజనముపై నెక్కి వచ్చిరనియు, వారి నాపుట యెవ్వరి తరము గాకపోయెననియు పలువురు నమ్ముదురు. చరిత్ర అట్లు చెప్పుట లేదు. బెనిటో ముస్సోలినీ 1919 మార్చి 23న మిలాను నగరమున తన దళమును స్థాపించెను. ఆ సంవత్సరపు టెన్నికలలో అతని పక్షమున కొక్క స్థానమైనను దక్కలేదు. 1921లో పాతకాలపు ఉదారవాదులు అతనిని తమ జాబితాలో చేర్చుకొని గౌరవము కల్పింపగా, 535 స్థానములలో 35 మాత్రము లభించినవి. 1922 అక్టోబరు చివర నల్లచొక్కాలవారు రోము నగరముపైకి దండు వెడలిరి. ప్రధానమంత్రి లుయీజీ ఫాక్తా సైనికశాసన ప్రకటనమును సిద్ధపరచెను. రాజు మూడవ విక్టర్ ఇమాన్యుయేలు దానిపై చేవ్రాలు చేయ నిరాకరించెను. దండు నడపినవానిగా పేరొందిన ముస్సోలినీ ఆ దండులో నడువనేలేదు. పిలుపు వచ్చిన పిమ్మట మిలానునుండి రాత్రి రైలులో పండుకొని వచ్చి ప్రధాని పదవి నందెను. దానిని విజయయాత్ర యనుట కంటె తలుపు తీసి లోనికి పిలుచుట యనుట నిజము.

జర్మనీ కథయు నిట్టిదే. హిట్లరు పక్షమునకు 1928లో లభించినవి 12 స్థానములు. 1929నాటి ఆర్థిక సంక్షోభము దేశమును ముంచెత్తిన పిదప, 1930లో 107. నిరుద్యోగులు ఇంచుమించు 60 లక్షలైన 1932వ సంవత్సరపు జూలైలో 230. ఇంతవరకే చూచినవారికి అది ప్రభంజనముగనే తోచును. కాని అదే సంవత్సరము నవంబరులో తిరిగి యెన్నికలు జరుగగా స్థానములు 196కు దిగినవి. ఇరువది లక్షల ఓట్లు జారిపోయినవి. వరద తీయుచున్న వేళ గట్టు తెగగొట్టినవారు పెద్దమనుషులు. 1933 జనవరి 30న అధ్యక్షుడు హిండెన్‌బర్గు హిట్లరును ప్రధానిగా నియమించెను. ఆ మంత్రివర్గములో హిట్లరుతో గలిపి నాజీలు ముగ్గురే. తక్కిన ఆసనములలో మనవారే యున్నారుగదా, వీనిని మనము ఆడించవచ్చునని ఫాన్ పాపెన్ మొదలగువారు తలచిరి. పులిమీద సవారి చేయవచ్చునని తలచినవారి కథ యిది.

ఆపై జరిగిన దంతయు యాబదిమూడు దినములలో ముగిసినది. ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనము కాలినది. మరునాడే పౌరహక్కులన్నియు ఒక్క అత్యవసరశాసనముతో రద్దయినవి. మార్చి 5న, భయోత్పాతముల నడుమ జరిగిన యెన్నికలలో గూడ నాజీలకు నూటికి 44 పాళ్లకు మించి ఓట్లు రాలేదు. మార్చి 23న చట్టసభ తన యధికారమును తానే హిట్లరునకు ధారపోసెను. కమ్యూనిస్టు సభ్యులను సభలో నడుగిడనీయలేదు. సోషల్ డెమోక్రాటులు 94 మంది మాత్రము కాదని ఓటు వేసిరి. గుమికూడిన తుపాకుల నడుమ 'కాదు' అన్న ఆ తొంబదినలుగురి పేళ్లు తెలిసినవారు నేడు తక్కువ. హిట్లరు పేరు తెలియనివారు లేరు. చరిత్రను మనము చదువు తీరులో గూడ నొక లోపమున్నది.

రెండవ అపోహ: నియంతలు అరాచకమును తొలగించి శాంతిభద్రతలు నిలిపిరని. ఆ అరాచకములో హెచ్చుభాగము వారు పుట్టించినదే. 1921, 1922 సంవత్సరములలో ఇటలీలోని పో నదీ మైదానమున కార్మిక సంఘముల భవనములను, సహకార దుకాణములను, పత్రికా కార్యాలయములను తగులబెట్టినవారు నల్లచొక్కాలవారే. వీధులలో రక్తము చిందించి, రక్తము చిందుచున్నది కాబట్టి మాకు అధికార మిండని కోరినవారును వారే. కొంప కాల్చినవాడే కుండతో నీళ్లు తెచ్చి కూలి యడిగినట్లున్నది. అధికార మందిన పిదప ఏమైనది? 1924 జూన్‌లో, ఎన్నికలలోని దౌర్జన్యమును సభలో ఎండగట్టిన సోషలిస్టు సభ్యుడు జాకొమో మత్తెయొత్తిని ఎత్తుకొనిపోయి చంపిరి. 1925 జనవరి 3న ముస్సోలినీ సభలో నిలిచి, జరిగినదానికంతకు బాధ్యత తనదేయని ప్రకటించెను. సభ అతనిని శిక్షింపలేదు. అదియే అతడు నిలిపిన శాంతి!

ఇక రైళ్లు. ముస్సోలినీ కాలమున రైళ్లు వేళకు నడచినవన్న మాట అతనితో పాటు చావలేదు. మన దేశమున 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటింపబడినపుడు గూడ ఆ పొగడ్తనే పలికినవారు కలరు. టాటానగరు ప్లాట్‌ఫారముపై అర్ధరాత్రి బిడ్డలతో వేచియున్నవాని కష్టము నాకు తెలియనిది గాదు. కాని బండి ఆలస్యమైనదని వ్రాయుటకు పత్రికకు, అడుగుటకు ప్రయాణికునకు హక్కు ఉన్నంతవరకే ఆ ఆలస్యము మనకు తెలియును. వ్రాయరాదని యాజ్ఞయున్నచోట బండ్లన్నియు వేళకే వచ్చును. మన యదృష్ట మేమనగా, 1977 మార్చిలో మనకు ఓటు వేయు దినము తిరిగి వచ్చినది. దేశము తన తీర్పు చెప్పెను. జర్మనీ ప్రజలకట్టి దినము పండ్రెండేండ్లు రాలేదు. వచ్చునప్పటికి వారి నగరములు మట్టిదిబ్బలై యుండెను.

మూడవ అపోహ మా యూరివంటి కార్మిక నగరమునకు మిక్కిలి సంబంధించినది. నియంతలు పని కల్పించిరి, కూడు పెట్టిరి యన్నది. జర్మనీలో నిరుద్యోగము తగ్గినమాట నిజమే. దానిని దాచుట నాకిష్టము గాదు. ఏ విధముగా తగ్గినదో చెప్పకుండుట మాత్రము మోసము. ఆయుధముల తయారీకి ధనమంతయు మళ్లించిరి. 1935లో నిర్బంధ సైన్యసేవ పెట్టి యువకులను బారకులకు పంపిరి. యుద్ధమునకై సృష్టించిన పని యుద్ధమునకే కొనిపోయినది.

కార్మికునకు దక్కినదేమి? 1933 మే 1వ తేదీని హిట్లరు జాతీయ కార్మిక దినముగా ప్రకటించి జీతముతో సెలవిచ్చెను. దశాబ్దములుగా కార్మికులు కోరినది అదియే. సంఘముల నాయకులు సంతసించి, ఊరేగింపులలో పాల్గొనుడని తమవారికి చెప్పిరి. మరునాడు, మే 2వ తేదీన, దేశమంతట సంఘముల కార్యాలయములను నాజీలు ఆక్రమించిరి, నాయకులను చెరబట్టిరి, నిధులను కైవసము చేసికొనిరి. ఒకనాడు దండ, మరునాడు సంకెల. 1934 జనవరిలో వచ్చిన కార్మికశాసనము కర్మాగారపు యజమానికి 'నాయకుడు' అనియు, పనివారికి 'అనుచరులు' అనియు పేరు పెట్టినది. 1935 నుండి ప్రతి కార్మికునకు పని పుస్తక మొకటి యేర్పడినది. అది యజమాని చేతిలో నున్నంతకాలము వాడు వేరొకచోట పనికి పోజాలడు. ఇటలీలో నంతకు మునుపే, 1925 అక్టోబరులో, పారిశ్రామికులు ఫాసిస్టు సంఘమును మాత్రమే గుర్తింతుమని యొడంబడిక చేసికొనిరి. 1926లో సమ్మె నేరమైనది. 1927లో కూలి తగ్గింపబడినది. అడుగు నోరు మూసిన పిమ్మట చేతిలోని ముద్ద తగ్గించుట యెంత సులభము!

"అది కార్మికుల గొడవ, యజమానులకేమి నష్టము?" అని అడుగువారికి నొక ఉక్కు వర్తకుని కథ చెప్పెదను. రూర్ ప్రాంతపు ఉక్కు సామ్రాజ్యమున కధిపతియైన ఫ్రిట్స్ థిస్సెన్ తొలినాళ్లనుండి హిట్లరునకు ధనసహాయము చేసినవాడు. యుద్ధము వలదన్నందుకు 1939లో దేశము విడిచి పారిపోవలసివచ్చెను, ఆస్తి జప్తయ్యెను, తుదకు ఫ్రాన్సులో పట్టుబడి నిర్బంధ శిబిరముల పాలయ్యెను. తాను పోతపోయించిన ఉక్కు తన కాలికే సంకెలయైనది. గట్టిచేయి ఇతరుల మెడపైననే పడునని తలచువారికి అతని బ్రతుకే సమాధానము.

ఇంతటి విపత్తును కార్మికు లేల ఆపలేకపోయిరి? సంఖ్యాబలము లేకనా? 1932 నవంబరు ఎన్నికలలో సోషల్ డెమోక్రాటులకు 121, కమ్యూనిస్టులకు 100 స్థానములు, అనగా కలసి 221. నాజీలకు 196. కలసినచో వారే పెద్దపక్షము. కాని కలయలేదు. కమ్యూనిస్టులు సోషల్ డెమోక్రాటులను 'సాంఘిక ఫాసిస్టులు' అని తిట్టిరి. సోషల్ డెమోక్రాటులు వీరిని హిట్లరుతో సమానముగా జమకట్టిరి. ఆ పిదప ఇరువురును ఒకే శిబిరపు ముండ్లతీగ వెనుక కలిసికొనిరి. మా యూరిలో 1928నాటి పెద్దసమ్మెకాలమున సుభాష్ చంద్రబోసు కార్మిక సంఘమున కధ్యక్షుడు గాగా, మానెక్ హోమీ వేరొక సమాఖ్యను లేవదీసెను. సంఘములు రెండుగా చీలినవి, బలము సగమైనది. ఇచట దాని ఫలితము కలహము, నిరుత్సాహము. అచట దాని ఫలితము సర్వనాశనము. చీలికయొక్క స్వభావ మొక్కటే. దానికి దొరకిన శత్రువులలోనే భేదము.

ఇచట కొందరు మరియొక యాక్షేపము తెత్తురు. "ఐరోపా వారి పాపములతో మనకేమి? మనలను తెల్లదొరలు ఏలినపుడు ప్రజాస్వామ్యము ఎక్కడ నున్నది?" అని. ఈ ప్రశ్న బలమైనది. ముస్సోలినీ దళము పుట్టిన 1919 మార్చిలోనే మనదేశమున రౌలట్ శాసనము పుట్టినది. మూడు వారములకు, ఏప్రిల్ 13న, జలియన్‌వాలా బాగులో కాల్పులు జరిగినవి. విచారణలేని చెరయు, జవాబుదారి లేని తుపాకియు మనకు పరిచితములే. అందుచేతనే మనము తక్కినవారికంటె ముందుగా ఫాసిజమును గుర్తుపట్టవలసినవారము. గుర్తుపట్టినవారును కలరు.

రవీంద్రనాథ ఠాకూరు 1926లో ఇటలీకి అతిథిగా పోయి, ముస్సోలినీ మర్యాదలకు కొంత ముగ్ధుడయ్యెను. ఇటలీ దాటి రొమే రొలాను కలిసికొని, ప్రవాసులనోట బాధితుల కథలు విన్న పిదప, తన పొరపాటును దిద్దుకొనుచు బహిరంగముగా లేఖ వ్రాసెను. ఆ లేఖ వ్రాసినది దీనబంధు సి. ఎఫ్. ఆండ్రూసునకు. బోసునకు ముందు జంషెడ్‌పూరు కార్మిక సంఘమున కధ్యక్షుడుగా నుండినవాడు ఆ ఆండ్రూసే! మహాకవి తాను మోసపోయితినని లోకమెదుట చెప్పుకొనుటకు వెనుదీయలేదు. మనము టీకొట్టు ముంగిట మన మాటను మార్చుకొనుటకు సిగ్గుపడనేల? 1936 మార్చిలో, భార్యను పోగొట్టుకొని స్వదేశమునకు మరలుచు రోములో దిగిన జవహర్‌లాల్ నెహ్రూ, ముస్సోలినీ పంపిన ఆహ్వానమును పట్టుబట్టి నిరాకరించెను. అబిసీనియాపై విషవాయువు కురిపించుచున్న చేతిని ముట్టుట కతని మన సొప్పలేదు.

బోసు మాట యేమని మా యూరివారు తప్పక అడుగుదురు. అడుగవలసినదే. 1935లో వెలువడిన గ్రంథమున ఆయన కమ్యూనిజము, ఫాసిజముల సమన్వయమును గూర్చి ఆశతో వ్రాసినమాట నిజము. 1936లో జర్మనీవారి జాతిదురహంకారమును నిరసించుచు లేఖ వ్రాసినమాటయు నిజము. 1938లో లండనులో, ఫాసిజము సామ్రాజ్యదాహముతో బయలుదేరకముందు తానట్లు వ్రాసితిననియు, తన మాటల పొందిక సరియైనది గాకపోవచ్చుననియు ఒప్పుకొన్నమాటయు నిజమే. తరువాత స్వాతంత్ర్యమునకై బెర్లినునకు పోయి 1942లో హిట్లరును కలిసెను. అచటినుండి కోరిన సహాయము కోరినట్లు దొరకలేదు. ఆయన దేశభక్తిని శంకించుట నా యభిమతము గాదు. ఆయన యంతటివాడే ఆ వాకిట ఆశించినది పొందలేకపోయెననుటయే మనకు పాఠము.

ఇక మా యూరి చక్కదనమునే తీసికొందము. గట్టిచేతిని పొగడువారికి ముఖ్యసాక్ష్యము ఈ వీధులే గదా! ఈ నగరమునకు పలుమారులు ప్రణాళికలు గీయబడినవి. వానిలో 1940 దశాబ్దపు నడుమ గీయబడిన ప్రణాళిక ఓటో కోనిగ్స్‌బర్గరుది. ఎవరీతడు? 1908లో బెర్లినులో పుట్టిన వాస్తుశిల్పి. యూదుడైన కారణమున 1933లో కొలువు పోగొట్టుకొని స్వదేశము విడిచినవాడు. ఈజిప్టులో తలదాచుకొని, 1939లో మైసూరు సంస్థానమున వాస్తుశిల్పిగా చేరి, పిదప మా యూరికి, అటుపిమ్మట భువనేశ్వరమునకు రూపరేఖలు గీసినవాడు. గట్టిచేయి తన దేశమునుండి విసరివేసిన మనిషి వచ్చి, పొరుగువారు పొరుగువారితో కలిసిమెలిసి బ్రతుకుటకు వీలైన పేటలను గూర్చి మనకు బోధించెను. జూబిలీ తోటలో నిలిచి నియంతను కోరువారు ఈ యొక్క సంగతి తలచుకొన్నచో చాలును. క్రమమును ప్రేమించిన మనిషికి నియంత రాజ్యమున చోటు లేకపోయినది.

క్రమమునకును ఆజ్ఞకును భేదమున్నది. ఈ యూరి క్రమము ఒక్కచేతి వరము గాదు. ఇచటి కర్మాగారమున ఎనిమిదిగంటల పని 1912లోనే యేర్పడినదని గర్వముగ చెప్పుకొందుము, గర్వింపదగినదే. కాని 1920లో ఇచట సమ్మె జరిగినది, కాల్పులు జరిగినవి, కార్మికులు ప్రాణములు విడిచిరి. 1922లో సమ్మె, 1928లో సమ్మె. 1925 ఆగస్టులో గాంధీగారు వచ్చినపుడు సంఘమునకు గుర్తింపు లభించినది. ఇచ్చినవారి యుదారతయు, అడిగినవారి పట్టుదలయు కలిసి నేసిన వస్త్రమిది. పడుగును మాత్రము చూచి పేక లేదనువాడు నేత నెరుగడు. పైగా, కర్మాగారపు టాజ్ఞ ఇష్టము లేనివాడు రాజీనామా ఇచ్చి మరియొక యూరికి పోవచ్చును. దేశమే కర్మాగారమైనచో రాజీనామా ఇచ్చి యెచ్చటికి పోవును? కోనిగ్స్‌బర్గరునకు మైసూరు దొరకినది. దొరకక గ్యాసు గదులలోనికి నడచిన యూదుల సంఖ్య లక్షలలో నున్నది.

ఈ నగరమే మరియొక మార్గమును గూడ చూపినది. యుద్ధకాలమున ఫాసిస్టులపై పోరిన కవచశకటములకు ఇచటి ఉక్కు పలకలు పోయినవి. ఆ పలకలను చేసిన కార్మికులే 1942 ఆగస్టులో, కూలి పెంపు కోరక, జాతీయ ప్రభుత్వము కావలెనని పని మాని బయటికి వచ్చిరి. పరదేశపు గట్టిచేయియు వలదు, స్వదేశపు గట్టిచేయియు వలదు. మమ్ము మేము పాలించుకొనెదమన్న మాట కర్థము నేను ఆ రెండు పనులలో కలిపి చదువుదును.

కొలిమి యెదుట పనిచేసినవారికి తెలిసిన సంగతి యొకటి కలదు. పోత ఇనుము చాల గట్టిది. కాని సుత్తి దెబ్బకు పగులును. దానిలో కర్బనము హెచ్చు. ఆ హెచ్చును తీసివేసినప్పుడే అది ఉక్కగును; వంగవలసినచోట వంగి, బరువు మోసి, విరుగక నిలుచును. గట్టితనము వేరు, బలము వేరు. 1922లో పోతపోసిన ఇటలీ రాజ్యము 1943లో పగిలినది. వేయేండ్లు నిలుచునని చెప్పిన జర్మనీ రాజ్యము పండ్రెండేండ్లకే తునియలైనది. వాదులాడుకొనుచు, తప్పులు చేయుచు, దిద్దుకొనుచు, ఐదేండ్ల కొకమారు వేలిపై సిరాచుక్క పెట్టించుకొనుచు వచ్చిన మన గణరాజ్యము ఏడు దశాబ్దములు దాటి నిలిచియే యున్నది.

కావున ఈసారి చుట్టము వచ్చి వీధులను చూచి ఆ మాట యన్నప్పుడు నేను తల యూపను. కాఫీ యిచ్చి కూర్చుండబెట్టి, ఈ యూరి పటము గీసినవాడెవ్వడో, అతడేల తన యూరు విడువవలసివచ్చెనో మొదటినుండి చెప్పెదను.